ధ్రువాల దగ్గర మునిగిన చల్లని నీటిని మళ్లీ పైకి తెచ్చేది ఏది?

అడిగినవారు: బరంపురం మాస్టారు (గంజాం జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. నేను బరంపురంలో ఉన్నత పాఠశాల పిల్లలకు భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లలు మా తరగతిలో చాలామంది ఉన్నారు. గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే వేట కుటుంబాల పిల్లలకు సముద్రం గురించిన పాఠమంటే ప్రత్యేకమైన ఆసక్తి. వారు అడిగే ప్రశ్నలు పాఠం చివర అచ్చువేసిన ప్రశ్నల కంటే ఎంతో లోతుగా ఉంటాయి.

ఉత్తర అట్లాంటిక్‌లోనూ అంటార్కిటికా తీరాల చుట్టూనూ నీరు చల్లబడి, ఉప్పుదనం పెరిగి, బరువెక్కి అడుగుకు దిగుతుందనీ, అక్కడి నుంచి సముద్రపు అడుగు వెంట ఇతర మహాసముద్రాలకు పాకుతుందనీ, చివరికి పైకి వచ్చి ధ్రువాల వైపు తిరిగి వెళుతుందనీ పిల్లలకు చెప్పాను. ఒక విద్యార్థిని లేచి, నీరు దిగడానికి కారణం చెప్పారు గానీ పైకి రావడానికి కారణం చెప్పలేదు, బరువైన నీరు తేలికైన నీటి కిందే ఉండిపోవాలి కదా అని అడిగింది. పటంలో హిందూ మహాసముద్రం నడుమ పైకి తిరిగిన ఒక బాణం గుర్తు ఉంది తప్ప, దానికి వివరణ లేదు.

చంద్రుని వల్ల కలిగే ఆటుపోట్లు సముద్రపు అడుగున నీటిని కలుపుతాయనీ, ఆ కలగలుపు లేకపోతే భూమి శీతోష్ణస్థితే వేరుగా ఉండేదనీ ఎక్కడో చదివాను. ఇది ఎంతవరకు నిజం? చల్లని నీటిని పైకి ఎత్తే పని నిజంగా ఎవరు చేస్తున్నారు? దానికి ఎంత శక్తి కావాలి? మన బంగాళాఖాతానికి దీనితో సంబంధం ఉందా? పదో తరగతి పిల్లలకు చెప్పగలిగే విధంగా, అయితే విషయాన్ని పలచన చేయకుండా, తెలిసినవారు వివరించవలసిందిగా కోరుతున్నాను.

వంశధార (గుణుపురం, రాయగడ జిల్లా) జవాబు

మాస్టారూ, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నను సముద్ర శాస్త్రవేత్తలు వంద సంవత్సరాలకు పైగా అడుగుతూనే ఉన్నారు. నేను కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి, శక్తి లెక్కల వైపు నుంచి మొదలుపెడతాను.

స్వీడన్ శాస్త్రవేత్త సాండ్‌స్ట్రోమ్ 1908లో ఒక మౌలికమైన విషయం చెప్పారు. గంగాళం కింద మంట పెడితే నీరు తిరుగుతుంది, పైన నిప్పులు పెడితే పై పొర మాత్రమే కాగి కింది నీరు కదలకుండా ఉండిపోతుంది. సముద్రం ఈ రెండో రకానికి చెందినది. దానికి వేడి అందేదీ పైనుంచే, వేడిని పోగొట్టుకునేదీ పైనుంచే. భూగర్భం నుంచి అడుగుకు అందే వేడి సగటున చదరపు మీటరుకు ఒక వాటులో పదో వంతు మాత్రమే. అందువల్ల ఉష్ణోగ్రతల తేడా ఒక్కటే ఇంత పెద్ద ప్రసరణను బలంగా నడపజాలదు. నీరు మునగడం చూడటానికి గొప్పగా కనిపిస్తుంది గానీ, యంత్రాన్ని నడిపే శక్తి అక్కడ లేదు.

కలగలుపు అసలే లేదని అనుకొని చూడండి. చల్లని నీరు ధ్రువాల దగ్గర దిగుతూనే ఉంటుంది, సముద్రం అడుగు నుంచి పైదాకా కొన్ని వేల సంవత్సరాల్లో ఆ చల్లని నీటితో నిండిపోతుంది. ఆ తరువాత దిగే నీటికి చోటు ఉండదు. పైన పలచని వెచ్చని పొర, కింద దాదాపు నిశ్చలంగా నిలిచిన చల్లని నీరు మిగులుతాయి. నిజమైన సముద్రం అలా లేదు. కొలతలు చూస్తే, పై నుంచి అడుగు దాకా ఉష్ణోగ్రత క్రమక్రమంగా తగ్గుతూ పోతుంది. అంటే వెచ్చదనం ఎవరో ఒకరు కిందికి దింపుతున్నారు. ఆ వెచ్చదనం అందుకొని కింది నీరు కొద్దికొద్దిగా తేలికవుతుంది కనుకనే అది పైకి రాగలుగుతోంది. పైకి వచ్చే చల్లదనమూ కిందికి దిగే వెచ్చదనమూ ఒకదానితో ఒకటి సరితూగినంత కాలం ఈ ప్రసరణ కొనసాగుతుంది.

ఆ వెచ్చదనాన్ని అణువుల కదలిక ఒక్కటే దింపాలంటే ఎంత కాలం పడుతుందో పిల్లల చేత లెక్క కట్టించండి. లోతు 4,000 మీటర్లు. నీటిలో వేడి వ్యాపించే గుణకం సెకనుకు సుమారు 0.0014 చదరపు సెంటీమీటర్లు. లోతు వర్గాన్ని గుణకంతో భాగిస్తే దాదాపు 36 లక్షల సంవత్సరాలు వస్తుంది. అది చాలదు. కల్లోలంగా తిరిగే సుడుల వల్ల కలిగే కలగలుపే ఆ పని చేయాలి. అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ మంక్ 1966లో పసిఫిక్ లోతు నీటి ఉష్ణోగ్రతలు, లవణీయత, నీటి వయసు తెలిపే రేడియో కార్బన్ కొలతలను తీసుకొని ఈ గుణకం సెకనుకు సుమారు ఒక చదరపు సెంటీమీటరు ఉండాలనీ, నీరు రోజుకు ఒక సెంటీమీటరుకు కాస్త పైగా లేస్తోందనీ తేల్చారు. అణువుల వ్యాపనం కంటే ఇది దాదాపు ఏడు వందల రెట్లు ఎక్కువ. ఈ గుణకంతో అదే భాగహారం చేస్తే లక్షల సంవత్సరాలు పోయి సుమారు 5,000 సంవత్సరాలు వస్తాయి.

ఇంకొక లెక్క కూడా తరగతిలో చేయించవచ్చు. లోతులకు దిగే నీరు మొత్తం సెకనుకు సుమారు 3 కోట్ల ఘనమీటర్లు అనుకుందాం. ప్రపంచంలోని నదులన్నీ కలిసి సముద్రంలో పోసే నీరు సెకనుకు 12 లక్షల ఘనమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి, ఇది నదులన్నిటికీ ఇరవై అయిదు రెట్లు. సముద్రాల వైశాల్యం 36 కోట్ల చదరపు కిలోమీటర్లు. అంత నీరు అంత వైశాల్యం మీద సమంగా పైకి రావాలంటే ఏడాదికి సుమారు రెండున్నర మీటర్లు లేస్తే చాలు. సముద్రపు సగటు లోతు 3,700 మీటర్లను దానితో భాగిస్తే దాదాపు 1,400 సంవత్సరాలు వస్తుంది. లోతు నీటి వయసు గురించి రేడియో కార్బన్ చెప్పే కాలమూ దాదాపు ఈ స్థాయిలోనే ఉండటం నాకు ఎప్పుడూ ఎంతో సంతృప్తినిచ్చే విషయం.

ఇక చంద్రుని సంగతి. మంక్, కార్ల్ వున్ష్ కలిసి 1998లో ఈ లెక్కను శక్తి రూపంలో రాశారు. లోతు సముద్రపు పొరలను ఇప్పుడున్నట్టుగా నిలబెట్టడానికి సుమారు 2 టెరావాట్లు, అంటే 2 లక్షల కోట్ల వాట్ల యాంత్రిక శక్తి నిరంతరం కావాలని వారు అంచనా వేశారు. కల్లోలానికి ఖర్చయ్యే శక్తిలో రమారమి అయిదో వంతు మాత్రమే నీటిని ఎత్తడానికి పనికివస్తుంది, మిగిలింది వేడిగా పోతుంది. ఆ 2 టెరావాట్లలో సుమారు సగం గాలుల నుంచి, సగం ఆటుపోట్ల నుంచి వస్తుందని వారి వాదన. చంద్రుడు, సూర్యుడు కలిసి ఆటుపోట్లకు ఇచ్చే శక్తి మొత్తం 3.7 టెరావాట్లు. అందులో ఎక్కువ భాగం తీరాల దగ్గరి లోతు తక్కువైన నీటిలో హరించుకుపోతుంది. కానీ ఎగ్బర్ట్, రే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు టోపెక్స్–పోసైడాన్ ఉపగ్రహం కొలిచిన సముద్ర మట్టాలను విశ్లేషించి, దాదాపు ఒక టెరావాటు నడిసముద్రపు లోతుల్లో ఖర్చవుతోందని 2000లో చూపించారు. ఈ శక్తి ఊరికే రాదు. దానికి మూల్యంగా భూభ్రమణం నెమ్మదిస్తోంది, చంద్రుడు ఏటా సుమారు 3.8 సెంటీమీటర్లు మన నుంచి దూరంగా జరుగుతున్నాడు. అపోలో యాత్రికులు అక్కడ ఉంచి వచ్చిన అద్దాల మీదికి లేజర్ కిరణాలు పంపి దీనిని కొలుస్తున్నారు.

సముద్రం ధ్రువాల వైపు మోసే వేడి 2,000 టెరావాట్ల స్థాయిలో ఉంటుంది. దానిని అదుపు చేసే కలగలుపుకు కావలసింది 2 టెరావాట్లు. వెయ్యో వంతు శక్తి మిగిలినదంతా ఎలా సాగాలో నిర్ణయిస్తోందన్న మాట.

మహేంద్ర (పర్లాకిమిడి, గజపతి జిల్లా) జవాబు

వంశధార గారు చెప్పినది పునాది. ఆ పునాది మీద గత ముప్పై ఏళ్లలో చాలా కట్టడం మారింది. నేను సముద్ర శాస్త్రంలో పరిశోధన చేశాను కాబట్టి, ఆ మారిన భాగం చెబుతాను. నీరు సముద్రమంతటా సమంగా, నెమ్మదిగా పైకి వస్తుందన్న చిత్రం సగటు లెక్కకు ఉపయోగపడుతుంది గానీ, నిజంగా జరిగేది అది కాదు.

కొలతలతో వచ్చిన చిక్కు మొదట చూడండి. నడిసముద్రంలో పైన ఒక కిలోమీటరు లోపల కలగలుపును నేరుగా కొలిస్తే, మంక్ చెప్పిన దానిలో పదో వంతే కనిపించింది. 1992లో తూర్పు అట్లాంటిక్‌లో సుమారు 300 మీటర్ల లోతున సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువును నీటిలో కలిపి వదిలి, అది నెలల తరబడి పైకీ కిందికీ ఎంత వ్యాపించిందో లెడ్‌వెల్ బృందం వెంటాడి కొలిచింది. గుణకం సెకనుకు 0.1 నుంచి 0.2 చదరపు సెంటీమీటర్ల మధ్య తేలింది. మరి మిగిలిన కలగలుపు ఎక్కడ జరుగుతోంది?

జవాబు 1990ల రెండో సగంలో దక్షిణ అట్లాంటిక్‌లోని బ్రెజిల్ బేసిన్ అనే లోతైన సముద్రగర్భపు పల్లంలో దొరికింది. సెంటీమీటరు స్థాయి కదలికలను పసిగట్టే పరికరాలను అడుగు దాకా దింపి కొలిచినప్పుడు, నున్నని అడుగున్న చోట కలగలుపు చాలా బలహీనంగా ఉంది. మధ్య అట్లాంటిక్ పర్వత శ్రేణి ఎగుడుదిగుడుల మీద మాత్రం అది పది రెట్లు, కొన్నిచోట్ల అంతకు మించి పెరిగింది. పైగా అడుగుకు దగ్గరయ్యేకొద్దీ ఇంకా పెరుగుతూ పోయింది. పొరలుగా అమరిన నీరు ఆటుపోట్లతో ముందుకూ వెనక్కూ ఊగుతూ ఈ కొండలను దాటేటప్పుడు సముద్రం లోపలే అలలు పుడతాయి. వీటిని అంతర తరంగాలు అంటారు. ఉపరితలం మీద అర మీటరు కూడా కనిపించని అల లోపల పదుల మీటర్ల ఎత్తున ఉండగలదు. ఫిలిప్పీన్స్‌కు ఉత్తరాన ఉన్న లుజోన్ జలసంధి దగ్గర పుట్టేవి 200 మీటర్లకు కూడా మించుతాయి. ఇవి విరిగే చోట నీరు కలగలుస్తుంది. సముద్రగర్భంలో మన మహేంద్రగిరిని మించిన కొండల వరుసలు వేల కిలోమీటర్ల పొడవునా ఉన్నాయి కనుక, అక్కడ భూమి రూపం ఎలా ఉందో అది శీతోష్ణస్థితి లెక్కలోకి నేరుగా వచ్చి చేరుతుంది.

ఇక్కడ విద్యార్థులకు ఆశ్చర్యం కలిగించే ఒక మలుపు ఉంది. కలగలుపు అడుగు వైపు పెరుగుతూ ఉంటే, అడుగుకు కొంచెం పైనున్న నీరు పైకి రాదు, కిందికి దిగుతుంది. కారణం సులువే. ఆ నీటి ముద్దకు పైనుంచి అందే తేలికదనం తక్కువ, అది కిందికి పోగొట్టుకునే తేలికదనం ఎక్కువ. మొత్తం మీద అది బరువెక్కుతుంది. నేలను ఆనుకొని ఉన్న పలచని పొర సంగతి వేరు. దానికి పైనుంచి తేలికదనం అందుతుంది గానీ, కింద నేల ఉంది కాబట్టి అది ఎక్కడికీ పోదు. ఆ పొర మాత్రమే తేలికై కొండ వాలు వెంట పైకి పాకుతుంది. అంటే నడుమ నీరు దిగుతూ ఉంటే, అంచుల వెంట అంతకంటే ఎక్కువ నీరు లేస్తోంది. మొత్తం మీద పైకి వచ్చినట్టు లెక్క తేలే నీరు ఈ రెండింటి తేడా మాత్రమే. 2016, 2017 ప్రాంతాల్లో ఫెరారీ, మక్‌డూగల్, ద లావెర్న్ వంటి శాస్త్రవేత్తలు ఈ సిద్ధాంతాన్ని లెక్కలతో నిలబెట్టారు. దానికి నేరుగా కొలిచిన సాక్ష్యం ఇటీవలిది. ఐర్లండ్‌కు పశ్చిమాన రాకాల్ ట్రఫ్‌లోని ఒక సముద్రగర్భపు లోయలో నేలకు దగ్గరగా రంగు వదిలి, ఆ నీరు వాలు వెంట రోజుకు వంద మీటర్లకు పైగా లేచినట్టు గుర్తించారు. ఆ ఫలితం 2024లో ప్రచురితమైంది. సగటు లెక్క రోజుకు ఒక సెంటీమీటరు అంటే, అసలు చోటులో వంద మీటర్లు. ఈ రెండు అంకెలను బోర్డు మీద పక్కపక్కన రాయమని నా మనవి.

ఇక గాలులు. దక్షిణ అమెరికాకూ అంటార్కిటికాకూ నడుమ సుమారు 800 కిలోమీటర్ల వెడల్పున్న డ్రేక్ జలసంధి ఉంది. ఆ అక్షాంశాల్లో భూగోళం చుట్టూ నేల అడ్డు లేదు. అక్కడి బలమైన పడమటి గాలులు, భూభ్రమణ ప్రభావం తోడై, పై నీటిని ఉత్తరానికి తోస్తాయి. ఆ చోటును నింపడానికి రెండు, మూడు కిలోమీటర్ల లోతు నుంచి నీరు రావలసి ఉంటుంది. అక్కడ సాంద్రత పొరలే వాలుగా లేచి ఉపరితలాన్ని తాకుతాయి కాబట్టి, నీరు తన సాంద్రతను పెద్దగా మార్చుకోకుండానే ఆ వాలు వెంట పైకి రాగలదు. టాగ్‌వైలర్, సామ్యూల్స్ అనే శాస్త్రవేత్తలు 1995లో ఈ సంగతిని నొక్కి చెప్పినప్పటి నుంచి, ఉత్తర అట్లాంటిక్‌లో దిగిన నీటిలో పెద్ద భాగం దక్షిణ మహాసముద్రంలో గాలుల వల్లనే పైకి వస్తుందన్న అభిప్రాయం బలపడింది.

అలాగని కలగలుపు అక్కరలేదని అనుకోకూడదు. అంటార్కిటికా దగ్గర దిగే నీరు అన్నిటికంటే బరువైనది. అది హిందూ, పసిఫిక్ మహాసముద్రాల అడుగున పరచుకుంటుంది. గాలులు అందుకోగల పొరల దాకా అది తేలికపడాలంటే, అడుగున కలగలుపే దిక్కు. కాబట్టి మీ విద్యార్థిని ప్రశ్నకు నేను ఇచ్చే జవాబు ఇది: దక్షిణాన గాలులు ఎత్తుతాయి, లోతున కొండ వాలుల మీద ఆటుపోట్లు ఎత్తుతాయి, రెండూ కలిసి ఒకదాని పనిని మరొకటి అందుకుంటాయి. హిందూ మహాసముద్రం నడుమ గీసిన ఒంటరి బాణాన్ని మాత్రం చెరిపేయవచ్చు.

గోపాల్‌పూర్ తీరం (గంజాం జిల్లా)

మాది పడవ ఉన్న కుటుంబం. నేను డిప్లొమా చదివాను. పైన చెప్పిన వాటిలో నాకు తెలిసిన సముద్రం కనిపిస్తోంది కాబట్టి రెండు విషయాలు అడుగుతాను. గాలి పడిపోయిన రోజున తీరానికి దూరంగా వెళితే, నీటి మీద నున్నని పట్టీ ఒకటి, ముడతలు పడినట్టుండే పట్టీ ఒకటి వరుసగా చాలా దూరం కనిపిస్తాయి. అవి నెమ్మదిగా జరుగుతూ ఉంటాయి. మహేంద్ర గారు చెప్పిన అంతర తరంగాలు ఇవేనా? రెండోది, 2013 అక్టోబరు 12న పైలిన్ తుఫాను మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అంత పెద్ద తుఫాను సముద్రాన్ని అడుగు దాకా కలిపేయదా? ఆటుపోట్ల కంటే తుఫానులదే పెద్ద పని అని నాకు అనిపిస్తోంది.

మహేంద్ర

తమ్ముడూ, మీరు వర్ణించినవి అంతర తరంగాల గుర్తులు అయ్యే అవకాశం చాలా ఎక్కువ. లోపలి అల సాగేటప్పుడు పైనున్న నీరు ఒకచోట దగ్గరికి చేరుతుంది, ఒకచోట విడిపోతుంది. దానిని బట్టి పైన చిన్న ముడతలు ఒకచోట పెరిగి ఒకచోట అణగిపోతాయి. ఆండమాన్ సముద్రంలో ఇవి ఉపగ్రహ చిత్రాల్లో కూడా స్పష్టంగా కనిపించేంత పెద్దవి. మన తీరంలో ఈ చదువు కొత్తదేమీ కాదు. అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1950లలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి, తూర్పు తీరంలో నీరు పైకి రావడాన్నీ దిగడాన్నీ, లోపలి అలలనూ పరిశీలించారు. తెలుగు నేల మీద ఈ శాస్త్రానికి నాంది పలికినవారిలో ఆయనను తలచుకోవలసిందే.

తుఫాను విషయంలో మీ ఆలోచన నిరాధారమైనది కాదు. ఉష్ణమండల తుఫానులు పై నీటిని కలిపి వెచ్చదనాన్ని కిందికి దింపుతాయనీ, అది ప్రపంచ ప్రసరణకే తోడ్పడవచ్చనీ అమెరికా శాస్త్రవేత్త కెర్రీ ఇమాన్యుయెల్ 2001లో ప్రతిపాదించారు. అయితే తుఫాను కలిపేది సాధారణంగా పైనున్న వంద, నూట యాభై మీటర్లే. అంత పైన దాచిన వెచ్చదనంలో చాలా భాగం తరువాతి చలికాలంలో మళ్లీ గాలిలోకి పోతుందని తరువాతి పరిశోధనలు చూపాయి. నాలుగు కిలోమీటర్ల కింద ఉన్న నీటికి తుఫాను తాకిడి నేరుగా చేరదు. అక్కడ రోజుకు రెండుసార్లు తప్పకుండా పనిచేసేది పోటుపాట్లే.

మన బంగాళాఖాతంలో ఇంకొక ప్రత్యేకత ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, ఇరావతి నదుల నీరూ వానల నీరూ కలిసి వర్షాకాలం చివరికి ఉత్తర భాగం మీద తేలికైన మంచినీటి పొరను పరుస్తాయి. ఉప్పునీటి మీద ఆ పొర ఎంత తేలికగా నిలబడుతుందంటే, దానిని కిందికి కలపడానికి గాలికి చాలా శక్తి కావాలి. దాని కింద వెచ్చని నీరు బందీ అవుతుంది, చలికాలంలో పై నీటి కంటే కింది నీరే వెచ్చగా ఉండటం కూడా కద్దు. మామూలుగా తుఫాను కింది చల్లని నీటిని పైకి తెచ్చి తన ఇంధనాన్ని తానే తగ్గించుకుంటుంది. అక్టోబరు, నవంబరులలో ఉత్తర బంగాళాఖాతంలో ఆ చల్లదనం అంతగా పైకి రాదు. పైలిన్ గోపాల్‌పూర్‌నూ, 2018లో తిత్లీ మా గజపతి జిల్లానూ దెబ్బతీసిన కాలం ఇదేనన్నది గమనించండి. ఒక్కొక్క తుఫాను బలానికి వేరే కారణాలు కూడా ఉంటాయి, అయినా కలగలుపు బలహీనంగా ఉండటం మన తీరానికి కీడు చేసే సందర్భాల్లో ఇది ఒకటి. అందుకే 2013 నుంచి భారత, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి బంగాళాఖాతపు కలగలుపునూ రుతుపవనాలనూ జోడించి కొలుస్తూ వచ్చారు.

లోతుల విషయానికి వస్తే, గంగా బ్రహ్మపుత్రలు తెచ్చిన ఒండ్రు బంగాళాఖాతం అడుగున సుమారు 3,000 కిలోమీటర్ల పొడవున పరచుకొని ఉంది. నేల నున్నగా ఉన్న చోట ఆటుపోట్లు అంతర తరంగాలను పుట్టించడం తక్కువ. తూర్పున అండమాన్–నికోబార్ దీవుల వరుస, దక్షిణాన తొంభై డిగ్రీల రేఖాంశం వెంట సాగే మునిగిన పర్వత శ్రేణి ఆ పనికి అనువైన చోట్లు.

బరంపురం మాస్టారు

ఇంత వివరంగా రాసినందుకు మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. గోపాల్‌పూర్ తమ్ముడు అడిగిన ప్రశ్నను కూడా తరగతిలోకి తీసుకువెళతాను. మిగిలింది ఒక్కటే. భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో ఈ కలగలుపు ఏమవుతుంది? చంద్రుడు మారడు కాబట్టి ఆటుపోట్ల శక్తి మారదు, అందువల్ల ప్రసరణ కూడా మారదని చెప్పవచ్చా?

వంశధార

శక్తి మారకపోవచ్చు గానీ, ఆ శక్తి చేయగల పని మారుతుంది మాస్టారూ. పైనీరు వేడెక్కి, కరిగిన మంచు నీరు తోడై తేలికయ్యేకొద్దీ పై పొరకూ కింది పొరకూ సాంద్రత తేడా పెరుగుతుంది. తేడా పెరిగిన నీటిని కలపడానికి ఎక్కువ శక్తి కావాలి. అదే శక్తితో కలిపితే వ్యాపన గుణకం తగ్గుతుంది. కాబట్టి కలగలుపును ఒక స్థిర సంఖ్యగా కాక, అందుతున్న శక్తికీ పొరల గట్టిదనానికీ నిష్పత్తిగా పిల్లలకు చెప్పడం మేలు. నీటి లోతు మారినా ఆటుపోట్లు శక్తిని ఖర్చుపెట్టే చోటు మారుతుంది. సుమారు 21,000 సంవత్సరాల కిందటి హిమయుగంలో సముద్ర మట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు తక్కువగా ఉండేది. తీరాల దగ్గరి లోతు తక్కువైన సముద్రాలు చాలావరకు ఎండిపోయాయి కనుక, అప్పట్లో నడిసముద్రపు లోతుల్లో ఆటుపోట్ల కల్లోలం ఇంకా ఎక్కువగా ఉండి ఉంటుందని గణిత నమూనాలు చెబుతున్నాయి. చంద్రుడు అప్పుడూ ఉన్నాడు, మారింది నీరూ తీరమూ.

మహేంద్ర

వాతావరణం వైపు నుంచి కొంచెం కలుపుతాను. వాతావరణ మార్పులను అంచనా వేసే ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం 1971 నుంచి 2018 దాకా భూమి మీద పోగైన అదనపు వేడిలో సుమారు 91 శాతం సముద్రంలోకే వెళ్లింది. ఆ వేడి పై వందల మీటర్లలోనే నిలిచిపోతే ఉపరితలం త్వరగా వేడెక్కుతుంది, లోతులకు దిగితే నెమ్మదిగా వేడెక్కుతుంది. ఎంత దిగుతుందన్నది కొంత ప్రసరణ చేతిలో, కొంత కలగలుపు చేతిలో ఉంది. కర్బనం సంగతీ ఇంతే. వాతావరణంలో ఉన్న కర్బనానికి నలభై రెట్లకు పైగా సముద్రంలో ఉంది, అందులో అధిక భాగం లోతుల్లోనే ఉంది. లోతు నీరు ఎంత కాలానికి ఒకసారి పైకి వస్తుందో, ఆ కర్బనం ఎంత కాలం అక్కడ దాగి ఉంటుందో రెండూ ఒకే లెక్క.

అట్లాంటిక్ ప్రసరణను 2004 నుంచి 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం వెంట పరికరాల వరుసతో ఎడతెగకుండా కొలుస్తున్నారు. సగటున సెకనుకు సుమారు 1.7 కోట్ల ఘనమీటర్ల నీరు ఉత్తరానికి పైన వెళ్లి లోతున తిరిగి వస్తోంది. ఈ శతాబ్దంలో అది బలహీనపడటం చాలావరకు ఖాయమనీ, 2100 లోపల హఠాత్తుగా కూలిపోకపోవచ్చునన్న నమ్మకం మధ్యస్థంగా మాత్రమే ఉందనీ ఐపీసీసీ చెప్పింది. అది బాగా బలహీనపడితే ఉష్ణమండల వానల పట్టీ దక్షిణానికి జరిగి, మన రుతుపవనాలు తగ్గవచ్చని చాలా నమూనాలు సూచిస్తున్నాయి. వరి మీద బతికే మన జిల్లాలకు ఇది దూరపు సంగతి కాదు.

నమూనాల బలహీనత కూడా పిల్లలకు దాచకూడదు. శీతోష్ణస్థితి నమూనాలో సముద్రాన్ని పదుల కిలోమీటర్ల గళ్లుగా విభజిస్తారు, నీరు అసలు కలగలిసేది సెంటీమీటర్ల స్థాయిలో. అందుకని కలగలుపును నమూనా తనంతట తాను పుట్టించలేదు, దానికి మనం సూత్రం అందించాలి. పాత నమూనాల్లో లోతుతో పెరిగే ఒక సంఖ్యను సముద్రమంతటికీ పెట్టేవారు. 2000 తరువాత ఆటుపోట్ల బలాన్నీ అడుగు నేల గరుకుదనాన్నీ బట్టి చోటుచోటుకూ వేర్వేరుగా లెక్కించే పద్ధతి వచ్చింది. గరుకుదనం తెలియాలంటే పటం కావాలి, సముద్రపు అడుగులో సుమారు నాలుగో వంతే ఇప్పటిదాకా నేరుగా కొలిచి వివరంగా గీయగలిగారు. నీటి కొలతలకూ ఇలాంటి పరిమితే ఉంది. ప్రపంచ సముద్రాల్లో తేలుతూ మునుగుతూ కొలిచే ఆర్గో పరికరాల్లో ఎక్కువ భాగం 2,000 మీటర్ల దగ్గర ఆగిపోతాయి. 6,000 మీటర్ల దాకా దిగేవి ఇంకా కొద్దిగానే ఉన్నాయి. అంటార్కిటికా దగ్గర పుట్టిన అడుగు నీరు గత దశాబ్దాల్లో వేడెక్కిందని నౌకల కొలతలు ఇప్పటికే చూపుతున్నాయి కాబట్టి, ఈ కొద్దిపాటి పరికరాల అవసరం ఎంతైనా ఉంది.

మాస్టారూ, హిందూ మహాసముద్రంలోని ఆర్గో కొలతలను హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం ఇన్‌కాయిస్ అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచుతుంది. ఉత్తర బంగాళాఖాతంలో అక్టోబరు నెలలో తీసిన ఏదైనా ఒక కొలతను దించుకొని, పిల్లల చేత లోతుకు ఎదురుగా ఉష్ణోగ్రతనూ లవణీయతనూ గీయించండి. పైన 28, 29 డిగ్రీలు, 2,000 మీటర్ల దగ్గర మూడు డిగ్రీల లోపు కనిపిస్తుంది. లవణీయత పైన చాలా తక్కువగా మొదలై, వంద మీటర్ల లోపలే కిలో నీటికి సుమారు 34 గ్రాముల ఉప్పు దాటుతుంది. ఆ తరువాత దక్షిణ హిందూ మహాసముద్రంలో అదే నెలలో తీసిన కొలతను అదే కాగితం మీద గీయించి, ఏ నీటిని కలపడానికి ఎక్కువ శక్తి కావాలో వారినే చెప్పమనండి.